పాతబస్తీకి బాకీపడ్డ లెక్క

నిజాం బంగారం నుంచి మూసీ వరద దాకా, అంకెల పక్కన వాడే మాటలు మన చరిత్రను ఎలా ఉబ్బిస్తున్నాయి, ఎలా కుదిస్తున్నాయి

చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1965లో దేశ రక్షణ నిధికి ఐదు టన్నుల బంగారం విరాళంగా ఇచ్చారన్న కథ తరచూ మన ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. బంగారం పంపిన ఇనుప పెట్టెలు మాత్రం వెనక్కి ఇచ్చేయమన్నారని దానికి ఒక కొసరు కూడా ఉంది. ఇంగ్లిష్ వ్యాసాల్లో ‘ఫైవ్ టన్స్ ఆఫ్ గోల్డ్’ అని వచ్చింది, తెలుగులో ‘ఐదు వేల కిలోల స్వర్ణదానం’ అయింది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అలాంటి విరాళం గురించి తమ దగ్గర సమాచారం లేదని జాతీయ రక్షణ నిధి నుంచి జవాబొచ్చింది. ఆనాటి పత్రికల్లో నమోదైన సంగతి వేరు. నిజాం 4.25 లక్షల గ్రాముల బంగారాన్ని ప్రభుత్వ రక్షణ బంగారు పథకంలో పెట్టారు. లక్షలూ గ్రాములూ తీసేసి చెప్పుకుంటే 425 కిలోలు. ఐదు టన్నుల్లో పన్నెండో వంతు కంటే కాస్త ఎక్కువ. అది దానం కూడా కాదు, పెట్టుబడి.

425 కిలోలంటే తక్కువేమీ కాదు. యుద్ధం నుంచి అప్పుడే బయటపడి, విదేశీ మారకద్రవ్యానికి దేశం కటకటలాడుతున్న రోజులవి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పిలుపునకు స్పందించి ఒక మనిషి అంత బంగారం బాండ్లలో పెట్టడం ఉన్నదున్నట్టు చెప్పినా ఘనంగానే ఉంటుంది. దాన్ని పన్నెండు రెట్లు చేసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. హైదరాబాద్ మీద, పాతబస్తీ మీద అభిమానంతోనే చేసి ఉంటారు. ఫలితం మాత్రం తలకిందులైంది. ఐదు టన్నులు నిజం కాదని తేలగానే మొత్తం కథే కట్టుకథ అని కొట్టిపారేసేవాళ్లు తయారయ్యారు. ఆ ఊపులో 425 కిలోలు కూడా కొట్టుకుపోయాయి. ఒకవైపు భజన, మరోవైపు ఎద్దేవా, రెండింటి మధ్య అసలు లెక్క గల్లంతు. పరిమాణం విషయంలో అతిశయోక్తి ఎవరిని పొగడటానికి వాడతామో ముందుగా వాళ్లకే నష్టం తెస్తుంది. పాతబస్తీ విషయంలో ఇది పదేపదే జరుగుతోంది కాబట్టి ఈ సంగతి వివరంగా మాట్లాడుకోవాలి.

ఇంగ్లిష్‌లో పరిమాణాన్ని వర్ణించి చెప్పే మాటలు లెక్కలేనన్ని. ఈతకొలను నిండేంత, గుడ్డంత, వేలకు వేలు, దాదాపు ఇంత, అంత వరకూ, దానికి మూడింతలు... ఇలా ప్రతిదానికీ ఒక సిద్ధమైన పలుకుబడి ఉంది. హైదరాబాద్ వైభవం గురించి ప్రపంచం చదివింది ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే. ‘టైమ్’ పత్రిక 1937 ఫిబ్రవరి 22 సంచికలో నిజాం బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా పరిచయం చేసింది. అప్పటి నుంచి ఆ సంపదను ఎంత గొప్ప మాటలో చెప్పగలమన్న పోటీ సాగుతూనే ఉంది. ఆ మాటలనే మనం తెలుగులోకి దింపుకుని, మన ఊరి చరిత్రగా మన పిల్లలకు చెబుతున్నాం. వర్ణన కూడా లెక్కేనని నా వాదన. ‘ఈతకొలను నిండా’ అని రాసినవాడు అంకె వేయలేదు కదా అని తప్పించుకోలేడు, ఎందుకంటే ఈతకొలనుకు పొడవూ వెడల్పూ లోతూ ఉన్నాయి. ‘అంటే ఎంత?’ అని పాఠకుడు అడిగితే ఆ వాక్యం జవాబు చెప్పగలగాలి.

ముత్యాల సంగతే తీసుకుందాం. లారీ కాలిన్స్, డొమినిక్ లాపియర్ 1975లో ప్రచురించిన ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ పుస్తకం తర్వాత, నిజాం ముత్యాలు లండన్‌లోని పికడిల్లీ సర్కస్ కాలిబాటలన్నీ పరచడానికి సరిపోతాయన్న మాట ప్రపంచమంతా పాకింది. ఇంకొన్ని వ్యాసాల్లో అవే ముత్యాలు ఒలింపిక్ ఈతకొలనును నింపుతాయి. చదివేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. లెక్క వేసి చూడండి. అయిదు మిల్లీమీటర్ల ముత్యాలను ఒక వరసగా, సందు లేకుండా పరిస్తే చదరపు మీటరుకు 46 వేల ముత్యాలు పడతాయి, బరువు ఎనిమిది కిలోలు దాటుతుంది. ఒలింపిక్ కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, కనీసం రెండు మీటర్ల లోతు ఉంటుంది. దాని అడుగున ఒక్క వరస పరిస్తే పది టన్నులు. కొలను నిండా పోస్తే నాలుగు వేల టన్నుల పైమాటే. పరచడానికీ నింపడానికీ మధ్య తేడా నాలుగు వందల రెట్లు. ఒకే సంపద గురించి రాసిన రెండు వర్ణనలు ఒకదానికొకటి ఇంత దూరంలో ఉండగలిగితే, ఆ రెండూ కలిసి కూడా మనకు ఏమీ చెప్పనట్టే.

మరి చెప్పేవి లేవా అంటే ఉన్నాయి. నిజాం ఆభరణాల్లో 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, 2006లో వాటిని ప్రదర్శించినప్పుడు హైదరాబాదీలు స్వయంగా చూశారు. అందులో సాత్‌లడా అనే ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఉంది. దానిలో ముత్యాలు 465. ఈ అంకెకు ఉన్న బలం ఈతకొలనుకు లేదు. ఒక్కొక్క ముత్యాన్నీ వెదికి, మెరుపు చూసి, సైజు చూసి, పక్క ముత్యంతో జత కుదిర్చి ఏడు పేటలు గుచ్చడానికి ఎంత కాలం, ఎంత చూపు, ఎంత ఓపిక పట్టి ఉంటాయో 465 అన్న అంకే చెబుతుంది. పత్తర్‌గట్టిలో ముత్యాల వ్యాపారి ఒక్క దండ అమ్మేటప్పుడు కూడా పళ్లెంలో పోసి, సైజులు వేరుచేసి, రంగు తేడా ఉన్నది పక్కన పెట్టి, తూకం వేసి చెబుతాడు. ఆ వృత్తిలో అంత పట్టింపు ఉంది. దాని గురించి రాసేవాళ్లకు అందులో సగమైనా ఉండాలి.

జాకబ్ వజ్రానిదీ ఇదే అవస్థ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే వ్యాపారి ద్వారా హైదరాబాద్ చేరింది, బేరం వివాదమై కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడేవారన్న మాట ప్రసిద్ధం. కొందరు దాన్ని నిమ్మకాయంత అని రాశారు, కొందరు నిప్పుకోడి గుడ్డంత అని రాశారు. దాని బరువు 184.75 క్యారట్లు. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు కాబట్టి 37 గ్రాములకు కొంచెం తక్కువ. పొడవు నాలుగు సెంటీమీటర్ల లోపు. నిమ్మకాయతో పోల్చడం న్యాయంగానే ఉంది, చిన్న నిమ్మకాయ అంటే ఇంకా బాగుంటుంది. నిప్పుకోడి గుడ్డు పొడవు 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వజ్రం అంత ఉండాలంటే ఇప్పుడున్నదానికి వంద రెట్లకు పైగా పెరగాలి. పోలికలన్నీ తప్పు కావని చెప్పడానికే ఈ ఉదాహరణ. ఒకే వస్తువుకు ఒక పోలిక నిలబడింది, ఇంకొకటి కూలిపోయింది. నిలబెట్టింది కొలత.

పోలికలు తీసేస్తే రాతలో ప్రాణం ఉండదని, పాఠకుడికి 4.25 లక్షల గ్రాములంటే ఏం అర్థమవుతుందని కొందరు అంటారు. అందులో నిజం ఉంది. ఒట్టి అంకె కళ్లకు కట్టదు. కానీ మంచి పోలిక కొలత నుంచే పుడుతుంది. బంగారం నీటి కంటే 19 రెట్లు బరువైన లోహం. ఆ 425 కిలోల బంగారాన్ని కరిగించి పోస్తే 22 లీటర్లు. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల తాగునీటి క్యాను నిండి, ఇంకో రెండు లీటర్లు మిగులుతుంది. ఈ మాట చదివినవాళ్లు ఆశ్చర్యపోతారు, అయినా ఎక్కడా మోసపోరు. ఎవరైనా సరిచూసుకోవచ్చు. వర్ణన చేయాల్సిన పని అదే, అంకెను మోయడం. ఈతకొలను, పికడిల్లీ లాంటి వర్ణనలు అంకె లేని చోట అంకె ఉన్నట్టు నటిస్తాయి. అతిశయోక్తి మన సంప్రదాయమే కదా, ప్రబంధాల్లో లేదా, దక్కనీ ముచ్చట్లలో లేదా అని ఇంకో మాట కూడా వినిపిస్తుంది. కావ్యంలో అతిశయోక్తి ఒక అలంకారమని చదివేవాడికి ముందే తెలుసు, పాతబస్తీ ఇరానీ హోటల్లో కబుర్లు వినేవాడికీ తెలుసు. పత్రికలో వ్యాసం చదివేవాడు అది అలంకారమని అనుకోడు, సమాచారమని నమ్ముతాడు. ఆ నమ్మకం ఉన్న చోట అలంకారం అబద్ధమవుతుంది.

ఏ రూపాయి, ఏ తులం?

సంపద గురించి రాసేటప్పుడు కొలమానం పేరు చెప్పకపోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ‘నిజాం కోట్ల రూపాయలు’ అని రాస్తాం. ఏ రూపాయలు? హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం ఉండేది. హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరుకు హాలీ రూపాయలు ఏడు, ఇంచుమించుగా అదీ మారకం. సంస్థానం విలీనమయ్యాక కూడా 1950ల చివరి దాకా అవి చలామణిలో ఉన్నాయి. పాత లెక్కల్లో వంద కోట్ల హాలీ అని ఉన్నదాన్ని వంద కోట్ల రూపాయలని రాస్తే 14 కోట్లు గాల్లోంచి పుట్టినట్టే. దాన్ని ‘నేటి విలువలో’ అంటూ ఇన్ని లక్షల కోట్లని మారిస్తే, మొదట్లో జరిగిన తప్పు కూడా అంతింతలుగా పెరుగుతుంది. ఏ సంవత్సరపు అంచనా, ఏ నాణెంలో, దేనితో పోల్చి నేటికి తెచ్చారు అన్నది చెప్పని ‘నేటి విలువ’ వాక్యాన్ని రాయకపోవడమే మేలు.

కొలమానం స్పష్టంగా ఉన్న చోట రాత ఎంత ధీమాగా ఉంటుందో లండన్ బ్యాంకు వ్యవహారం చూపిస్తుంది. 1948 సెప్టెంబరులో సంస్థానం ఖాతా నుంచి లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బదిలీ అయ్యాయి. షిల్లింగు దాకా లెక్క ఉంది. దాన్ని పది లక్షల పౌండ్లని గుండుగుత్తగా రాయడంలో తప్పు లేదు, ‘సుమారు’ అన్న మాట పక్కన ఉంటే చాలు. ఏడు దశాబ్దాల తగాదా తర్వాత 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పిచ్చింది. అప్పటికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది రాతగాళ్లు జారిపడేది అక్కడే. ఆ సొమ్ము దాదాపు 35 రెట్లు అయింది. 35 రెట్లు పెరిగింది అంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పెరిగినది అసలు మీద చేరిన భాగం మాత్రమే, అది 34 రెట్ల దగ్గర ఉంటుంది. పెద్ద అంకెల్లో ఒక రెట్టు తేడా ఎవరూ పట్టించుకోరు. అదే వాక్యం ధర రెండింతలైన కూరగాయల గురించి రాస్తే తప్పు నిలువెత్తు కనిపిస్తుంది. 20 రూపాయల టమాటా 40 అయితే రెట్టింపైంది. రెండు రెట్లు పెరిగింది అంటే 60 కావాలి. ఇంగ్లిష్‌లో ‘టైమ్స్ మోర్’ అన్న పలుకుబడి తెచ్చిన గందరగోళం ఇది. ఆ భాషలో జాగ్రత్తగా రాసేవాళ్లు దాన్ని పక్కనపెట్టి ‘ఇన్ని రెట్లంత’ అనే అర్థమిచ్చే మాటే వాడతారు. తెలుగులో మనకు ‘అయింది’, ‘పెరిగింది’ అన్న రెండు క్రియలు ఎదురుగానే ఉన్నాయి, సరైనదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

తులం కథ ఇంకా దగ్గరిది. పాత తూకంలో తులం 11.66 గ్రాములు. మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చాక దుకాణం బిల్లుల్లో గ్రాములే ఉంటాయి. నోటి మాటలో మాత్రం తులం అంటే ఇప్పుడు పది గ్రాములు. చార్‌కమాన్ బంగారు దుకాణాల్లో బేరమాడేవాళ్లు, 2023 ఎన్నికల్లో తులం బంగారం హామీ విన్నవాళ్లు పది గ్రాములనే అర్థం చేసుకున్నారు. అత్తరు అమ్మే చోట తులం సీసా అంటే దాదాపు 12 మిల్లీలీటర్లు. ఒకే మాట మూడు కొలతలు. వాడుకలో ఎవరికీ ఇబ్బంది లేదు, అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు. రాతలోకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. వందేళ్ల నాటి జాబితాలో వంద తులాలంటే 1,166 గ్రాములు, ఇవాళ్టి దొంగతనం వార్తలో వంద తులాలంటే కిలో. రెంటికీ తేడా 166 గ్రాములు. పక్కన గ్రాములు కూడా రాస్తే వాక్యానికి రెండు మాటలు పెరుగుతాయి, అంతే.

లక్షలాది జనం

జనసందోహం గురించి రాసే మాటలు ఏడాది పొడవునా అవసరమవుతాయి. లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు, రంజాన్ చివరి శుక్రవారం మక్కా మసీదు ప్రార్థనలు, బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా సాగే గణేశ్ శోభాయాత్ర, మొహర్రం నెలలో బీబీకా ఆలం ఊరేగింపు. ప్రతిదానికీ ‘లక్షలాది’ అన్నది తప్పనిసరి విశేషణంగా మారిపోయింది. లక్ష మంది ఎంత చోటు పడతారు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో జర్నలిజం బోధించిన హెర్బర్ట్ జేకబ్స్ 1960ల్లో విద్యార్థుల సభలను కిటికీలోంచి గమనిస్తూ ఒక పద్ధతి కనిపెట్టారు. కిందనున్న గచ్చు మీద గళ్లు ఉన్నాయి, గడికి ఎంతమంది నిలబడ్డారో చూసి గళ్ల సంఖ్యతో గుణించారు. పలచని జనంలో ఒక్కొక్కరికి పది చదరపు అడుగులు, కిక్కిరిసిన జనంలో నాలుగున్నర అడుగులు పడుతుందని తేల్చారు. ఇప్పటికీ పత్రికా లోకం వాడుకునే లెక్క ఇది. 20 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవున్న రోడ్డు అనుకుందాం. 2,15,000 చదరపు అడుగులవుతుంది. కిక్కిరిసి నిలబడినా 48 వేల మంది లోపే. లక్ష మంది నిలబడాలంటే అలాంటి రోడ్డు రెండు కిలోమీటర్లకు పైగా, తోసుకుంటూ నిండిపోవాలి. ‘లక్షలాది’ అన్నది బహువచనం కాబట్టి కనీసం రెండు లక్షలు. నాలుగు కిలోమీటర్లకు పైమాటే.

ఊరేగింపు కదులుతుంది, వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు, ఉదయం నుంచి రాత్రి దాకా మొత్తం చూస్తే లక్షలు దాటవచ్చు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఒక క్షణాన చార్మినార్ దగ్గర ఉన్నవాళ్లు వేరు, రోజంతా ఆ దారిన సాగినవాళ్లు వేరు. ఏది రాస్తున్నామో చెబితే వివాదమే లేదు. ‘రోజంతా కలిపి’ అన్న ఒక్క మాట చాలు. ఎవరు చెప్పిన అంచనా అన్నది ఇంకో మాట. పోలీసులదా, నిర్వాహకులదా, విలేకరి సొంతమా? ఈ రెండూ లేకుండా ‘లక్షలాది’ అని రాస్తే, వచ్చే ఏడాది నిజంగా జనం రెట్టింపైతే దాన్ని చెప్పడానికి మాటే మిగలదు. ఆసుపత్రి, అంబులెన్సు, తాగునీరు, రోడ్ల మళ్లింపు ఇవన్నీ జనం అంచనా మీదే ఆధారపడతాయి. తొక్కిసలాట జరిగాక అసలు ఎంతమంది ఉన్నారని వెదుక్కునే పరిస్థితి మన దేశంలో ఎన్ని ఊళ్లలో చూడలేదు! పండుగను ప్రేమించేవాళ్లే ఈ లెక్క అడగాలి.

గడియారం చూస్తూ వార్త రాసే విలేకరికి గళ్లు లెక్కపెట్టే తీరిక ఎక్కడిదని అంటారు. తీరిక లేనప్పుడు వాడటానికే భాషలో నిజాయతీ గల మాటలున్నాయి. తెలియదని చెప్పకనే ఎంత తెలుసో చెప్పే మాటలవి. తెలుగు వాడుక ఈ విషయంలో ఎంతో సంపన్నం. వెయ్యి దాటిందని తెలుసు, ఎంత దాటిందో తెలియదు, అప్పుడు ‘వెయ్యి పైచిలుకు’. దాటలేదని తెలుసు, అప్పుడు ‘వెయ్యి లోపు’. ఇంతకంటే తగ్గదంటే ‘లేదన్నా వెయ్యి’, ఇంతకంటే పెరగదంటే ‘మహా అయితే వెయ్యి’, అటో ఇటో తెలియదంటే ‘వెయ్యికి అటూఇటూ’. కూరగాయల బండి దగ్గర ఈ తేడాలు ఎవరూ తప్పరు. కలం పట్టుకోగానే అన్నిటికీ ‘దాదాపు’ ఒక్కటే వాడేస్తాం. ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలు రాసే వ్యాసాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ‘నియర్లీ’ అంటే ఇంకా చేరలేదని, ‘ఓవర్’ అంటే దాటిందని, ‘అబౌట్’ అంటే ఎటైనా కావచ్చని, ‘అట్‌లీస్ట్’ అంటే అడుగు హద్దని, ‘అప్‌టు’ అంటే పై హద్దని విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. ‘ఫ్యూ’ అంటే దాదాపు లేరని, ‘ఎ ఫ్యూ’ అంటే కొందరున్నారని తెలియకపోతే వాక్యం అర్థమే తిరగబడుతుంది. వీటిని వ్యాకరణం ఖాళీలు పూరించే ప్రశ్నలుగా నేర్పినంతకాలం పిల్లలకు ఇవి పట్టుబడవు. నిజమైన ఒక లెక్క మీద పెట్టి చూపించాలి.

పాతబస్తీలో అలాంటి లెక్క ఒకటి ఉంది, దానికి ‘అప్‌టు’ చేసినంత అన్యాయం మరే మాటా చేయలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. నీటి గురించి మనకు తెలిసినదంతా కొలిచి రాసినదే. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన. వరద నియంత్రణకు నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని, అందులో 221 తెగాయని లెక్క తేల్చారు. ప్రవాహం గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులని అంచనా కట్టారు. ఇక్కడ మాటల పొందిక గమనించండి. చెరువులు లెక్కపెట్టినవి కాబట్టి 221 అన్నారు. వరద ప్రవాహాన్ని అప్పుడెవరూ కొలవలేదు, గుర్తుల ఆధారంగా కట్టినది కాబట్టి అంచనా అన్నారు. 788లో 221 అంటే నాలుగో వంతుకు పైగా. ‘చెరువుల్లో అత్యధిక భాగం తెగిపోయాయి’ అని రాసే వ్యాసం ఈ లెక్క చూడకుండా రాసినదే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయంటే, వాటి ఎత్తూ వైశాల్యమూ ఆ కొలతల మీదే నిలబడ్డాయి. ‘కుండపోత వాన’, ‘మహా ప్రవాహం’ అన్న వర్ణనల మీద ఏ ఇంజనీరూ ఆనకట్ట కట్టలేడు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త కనబడదు. మృతులు 15 వేలని చాలా చోట్ల ఉంటుంది. 15 వేల నుంచి 50 వేలని కొన్ని చోట్ల, 50 వేల వరకూ అని మరికొన్ని చోట్ల. ‘వరకూ’ అన్నది పై హద్దు. 50 వేల వరకూ అంటే 50 వేలు దాటదని మాత్రమే హామీ. అందులో 20 వేలూ ఇముడుతుంది, ఐదు వేలూ ఇముడుతుంది. ఆ వాక్యాన్ని కుదించి శీర్షిక చేసినప్పుడు ‘వరకూ’ రాలిపోయి ‘50 వేల మంది బలి’ మిగులుతుంది. 15 వేలకూ 50 వేలకూ మధ్య 35 వేల మంది ఉన్నారు. వాళ్లు అప్పట్లో ఉండి పోయినవాళ్లో, మన వాక్యంలో మాత్రమే పుట్టి పోయినవాళ్లో తేల్చకుండా వదిలేయడం చనిపోయిన అసలు మనుషుల పట్ల అమర్యాద. అదే వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. నూరేళ్లు దాటినా ఈ అంకె వెయ్యిగా, పదివేలుగా మారలేదు. చెట్టు ఎదురుగా ఉంది, కొమ్మలు కనిపిస్తున్నాయి, ఎవరైనా చూసి ఇంతమంది పడతారా లేదా అని తేల్చుకోవచ్చు. హద్దు కనిపించే చోట అంకె అదుపులో ఉంటుంది.

ఇక్కడ ఇంకో ఆక్షేపణకు జవాబు చెప్పాలి. అన్నిటికన్నా బలమైనది అదే. కచ్చితమైన అంకె కూడా అబద్ధం కావచ్చు, ‘15,237 మంది’ అని ఎవరో గాల్లోంచి రాస్తే అందరూ నమ్మేస్తారు, దానికంటే ‘వేలాది మంది’ అన్నదే నిజాయతీ కాదా? అవును, ఆధారం లేని కచ్చితత్వం కంటే ఆధారమున్న అస్పష్టత మంచిదే. నేను కోరుతున్నది చివరి అంకె దాకా లెక్క కాదు. ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పే మాట. మూసీ మృతుల విషయంలో ‘వేలాది మంది చనిపోయారు, 15 వేలన్నది ఎక్కువగా చెప్పే అంచనా’ అని రాస్తే ఆ వాక్యం ఇవాళా నిలబడుతుంది, రేపు ఎవరైనా పాత దస్తావేజులు తవ్వి కొత్త లెక్క తెచ్చినా నిలబడుతుంది. ఆ వరదలో కొట్టుకుపోయిన బస్తీల్లో అద్దె ఇళ్లవాళ్లు, కూలీలు, పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. పేరు రాసిపెట్టే ఆస్తి లేనివాళ్లు లెక్కలోంచి ముందే జారిపోతారు. వాళ్ల సంఖ్యను ఇష్టమొచ్చినట్టు పెంచడం వాళ్లను లెక్కలోకి తీసుకోవడం కాదు.

మూసీ సుందరీకరణ, పునరుజ్జీవనం అంటూ మళ్లీ పెద్ద పథకాలు చర్చకొచ్చిన ఈ రోజుల్లో 1908 పేరు ఎత్తని వ్యాసం ఉండదు, ప్రసంగం ఉండదు. రాసేవాళ్లకూ మాట్లాడేవాళ్లకూ ఒక విన్నపం. మృతుల సంఖ్య చెప్పేటప్పుడు అది లెక్కో అంచనానో చెప్పండి, అంచనా అయితే ఎవరిదో, ఏ కాలంలో కట్టిందో పక్కనే రాయండి. పత్రికల డెస్కులో కూర్చున్నవాళ్లు శీర్షిక కుదించేటప్పుడు తక్కిన ఏ మాట తీసినా ‘సుమారు’, ‘వరకూ’ అన్నవి తీయకండి. పాత పత్రాలు చదివే ఓపిక, ఉర్దూ చదివే శక్తి ఉన్న పరిశోధక విద్యార్థులెవరైనా తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖ సంస్థలోని నిజాం కాలపు దస్తావేజులను ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని చదవండి: ఆ సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఎంతమంది పోయారు?